హైవే మీద డివైడర్ దారి మూసేశారు. అండర్‌పాస్ పూర్తయ్యేదాకా ఊరివాళ్లు ఎలా దాటాలి?

ప్రశ్న (బడి కమిటీ సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మాది పాత ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నాలుగు వరుసల జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊరు. ఇళ్లన్నీ రోడ్డుకు ఒక పక్కన ఉంటాయి. ఉన్నత పాఠశాల, పాల కేంద్రం, సగానికి పైగా పొలాలు అవతలి పక్కన ఉంటాయి. ఊరి ముందరి క్రాస్‌రోడ్ దగ్గర ఏళ్ల తరబడి ప్రమాదాలు జరుగుతూ ఉండడంతో చివరికి అక్కడ అండర్‌పాస్ మంజూరైంది. దాని కోసం రోడ్డు మీద కూర్చున్న వాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి, పని మీద నాకు ఏ వ్యతిరేకతా లేదని ముందే చెబుతున్నాను.

పని మొదలైన వారంలోపే డివైడర్ మధ్య ఉన్న దారికి సిమెంట్ దిమ్మెలు అడ్డం పెట్టారు. ఇప్పుడు అవతలికి వెళ్లాలంటే విజయవాడ వైపు 1.8 కిలోమీటర్లు వెళ్లి యూటర్న్ తీసుకుని మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి; ఇంటికి తిరిగి రావాలంటే హైదరాబాద్ వైపు 1.2 కిలోమీటర్ల దగ్గర మరో యూటర్న్ ఉంది. అంటే కళ్లెదుట కనిపించే బడికి పోను 3.6, రాను 2.4, మొత్తం 6 కిలోమీటర్లు. రెండు పూటలా పాలు పోసే రైతుకు ఇది రోజుకు 12 కిలోమీటర్లు. క్యాన్లు కట్టుకున్న ఎక్సెల్ బండి అంత దూరం ఎందుకు తిరుగుతుంది? రాంగ్ రూట్‌లో, రోడ్డు అంచున, ఎదురొచ్చే లారీల పక్క నుంచి పోతోంది.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది పిల్లల సంగతి. రెండు దిమ్మెల మధ్య ఒక జానెడున్నర సందు ఉంది. పిల్లలు పక్కకు తిరిగి అందులో దూరుతున్నారు. మొన్న ఆరో తరగతి చదివే ఒక పాప అటు దాటింది కానీ వీపు మీది పుస్తకాల సంచి ఇటే ఇరుక్కుపోయింది. ఆ పాప రెండు చేతులతో సంచి లాగుతూ కారు వచ్చే వరుసలోకి ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. టీ బండి దగ్గరున్న ఒకాయన పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. దారి మూసే ముందు ఊరికి చెప్పాలన్న నిబంధన ఏదైనా ఉందా? పని పూర్తయ్యేదాకా దాటడానికి మేము ఏమి అడగవచ్చు, ఎవరిని అడగాలి? హైవే మీద రెండు స్పీడ్ బ్రేకర్లు వేయిస్తే చాలని ఊరి పెద్దలు అంటున్నారు. అది సరైన కోరికేనా?

జవాబు 1 (రహదారి పనుల పర్యవేక్షణలో పనిచేసిన ఇంజనీరు)

నమస్కారమండీ. ఆ పాప సంగతి చదివాక ముందుగా ఒక్క మాట: ఆ సందును ఈరోజే మూయించండి, లేదా మనిషి సుఖంగా నడిచే వెడల్పున తెరిపించి అక్కడ ఒక మనిషిని కాపలా పెట్టించండి. సగం మూసిన దారి పూర్తిగా తెరిచిన దారి కన్నా ప్రమాదకరం.

ఇక మీ ప్రశ్నలకు వస్తాను. మీ క్రాస్‌రోడ్ లాంటి, తరచూ ప్రమాదాలు జరిగే చోట్లను బ్లాక్ స్పాట్‌లు అంటారు. కేంద్ర రవాణా శాఖ లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే జాతీయ రహదారిపై దాదాపు 500 మీటర్ల నిడివిలో, గడిచిన మూడు క్యాలెండర్ సంవత్సరాలలో, మరణాలు గానీ తీవ్ర గాయాలు గానీ జరిగిన ప్రమాదాలు 5 నమోదైన చోటు, లేదా మొత్తం 10 మంది మరణించిన చోటు. హైదరాబాద్–విజయవాడ మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇలాంటివి 17 గుర్తించారు. చౌటుప్పల్, చిట్యాల, కట్టంగూర్, టేకుమట్ల, ముకుందాపురం, ఆకుపాముల, కొమరబండ క్రాస్‌రోడ్ వంటివి ఆ జాబితాలోవే. ఈ పేర్లను వరుసగా చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది: దాదాపు అన్నీ ఊరి దారి హైవేను అడ్డంగా కోసే చోట్లు. వేగంగా పోయే బండికీ, అడ్డంగా దాటే మనిషికీ ఒకే నేలను ఇవ్వడం వల్ల వచ్చిన చిక్కు అది. అందుకే మందు కూడా ఎక్కువ చోట్ల ఒకటే: అండర్‌పాస్ కట్టి, రెండు పక్కలా సర్వీస్ రోడ్లు వేసి, డివైడర్ దారిని శాశ్వతంగా మూసేయడం.

డివైడర్ దారి ఎందుకంత ప్రమాదకరమో ఊళ్లో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. ఊరి ముందు డివైడర్ వెడల్పు సాధారణంగా నాలుగైదు మీటర్లకు మించదు. ట్రాక్టరూ దాని వెనక ట్రాలీ కలిపితే అంతకు దాదాపు రెట్టింపు పొడవు ఉంటుంది. మొదటి రెండు వరుసలు దాటి, తరవాతి వరుసలు ఖాళీ అయ్యేదాకా డ్రైవర్ మధ్యలో ఆగితే, ట్రాలీ తోక మాత్రం కార్లు అత్యంత వేగంగా వచ్చే వరుసలోనే ఉండిపోతుంది. రాత్రి పూట ఆ తోకకు వెనక దీపం ఉండదు. కాబట్టి ఆ దారిని మళ్లీ పూర్తిగా తెరవమని మాత్రం అడగకండి. అడిగినా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మీకు న్యాయం జరగాల్సింది పని జరిగే కాలంలో. అండర్‌పాస్ పనికి ఒక క్రమం ఉంటుంది. ముందు రెండు పక్కలా సర్వీస్ రోడ్లు వేస్తారు, తరవాత హైవే వాహనాలను వాటి మీదికి మళ్లిస్తారు, ఆ తరవాతే మధ్యలో తవ్వి గోడలు, స్లాబు కట్టి, రెండు వైపులా ఎత్తు పెంచి తారు వేస్తారు. ఆ మధ్య నెలల్లో సర్వీస్ రోడ్డు పేరుకే మీది. దాని మీద పోయేదంతా హైవే వాహనమే. అంటే, ఏడు మీటర్ల దూరంలో ఉన్న హైవే మీ ఇంటి గడప దగ్గరికి వచ్చినట్టు. భద్రత కోసం కట్టే కట్టడం దగ్గర కొన్ని నెలల పాటు భద్రత తగ్గుతుంది. ఈ సంగతిని పని చేయించే వాళ్లు కాగితం మీద ఒప్పుకుంటారు, నేల మీద మరిచిపోతారు. ఇది నా అనుభవంలో చూసి చెబుతున్న మాట.

కాగితం అన్నాను కదా, దాని గురించే మీరు అడగాలి. పనులు జరిగే చోట రాకపోకల నిర్వహణకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన మార్గదర్శకాలు ఉన్నాయి. వాటి సంఖ్య ఐఆర్‌సీ ఎస్‌పీ 55. దాని ప్రకారం పని ప్రదేశాన్ని నాలుగు భాగాలుగా చూస్తారు: ముందస్తు హెచ్చరిక భాగం, వాహనాలు క్రమంగా పక్క వరుసలోకి మారే భాగం, అసలు పని జరిగే భాగం, తిరిగి మామూలు దారిలో కలిసే భాగం. ఏ బోర్డు ఎంత దూరంలో ఉండాలి, రాత్రి ఏ దీపాలు వెలగాలి, పాదచారులు ఎటు నడవాలి అన్నవి ముందుగా గీసి, పర్యవేక్షించే ఇంజనీరు ఆమోదం తీసుకోవాలి. దీన్నే ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటారు. మీరు వెళ్లి 'మా ఊరి దగ్గర ఇబ్బందిగా ఉంది' అంటే 'కొన్నాళ్లు సర్దుకోండి' అనే జవాబు వస్తుంది. అదే 'ఈ చోటికి ఆమోదించిన ట్రాఫిక్ ప్లాన్‌లో పాదచారుల దారి ఎక్కడ చూపించారో మాకు చూపండి' అంటే ఎదుటివారు ఫైలు తెరవక తప్పదు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు.

ముందే చెప్పాలా అన్న ప్రశ్నకు: వాహనాల రాకపోకలపై ఆంక్షలు పెట్టే అధికారాన్ని మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వారికీ ఇస్తుంది. అలాంటి ఆంక్ష నెల రోజులకు మించనిదైతే గెజిట్‌లో ప్రకటించనవసరం లేదు కానీ, పరిస్థితిని బట్టి స్థానికంగా ప్రచారం చేయాలని అదే సెక్షన్ చెబుతుంది. మన దగ్గర ఆ ప్రచారం అంటే పత్రికల్లో జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు. ఊళ్లో టముకు వేయించమని, పంచాయతీ మైకులో చెప్పించమని, బడి గోడకు మ్యాపు అంటించమని మీరు రాసి అడగండి. ఖర్చు లేని కోరికలు త్వరగా తీరుతాయి.

స్పీడ్ బ్రేకర్లు వద్దు. జాతీయ రహదారి ప్రధాన దారి మీద అవి ఉండకూడదన్నదే కేంద్ర రవాణా శాఖ విధానం, దానికి కారణం కూడా ఉంది. ముందు బండి హఠాత్తుగా నెమ్మదిస్తే వెనక లోడు లారీ ఆగలేదు. వాటి బదులు వేగాన్ని అంచెలంచెలుగా తగ్గించే బోర్డులు, చక్రం కింద గరగరమనే రంబుల్ స్ట్రిప్స్, పసుపు బ్లింకర్ దీపాలు అడగండి.

దాటడానికి నేను సూచించేవి మూడు. బడి వేళల్లో, ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట, రెండు పక్కలా ఎర్ర జెండాలు పట్టుకున్న మనుషులను నిలబెట్టి పిల్లలను గుంపుగా దాటించడం మొదటిది. అండర్‌పాస్ స్లాబు పడి, కింది సెంట్రింగ్ తీశాక, పైన పని ఇంకా ఉన్నా కింద నడకకు తాత్కాలికంగా తెరవడం రెండోది. చాలా చోట్ల అడిగేవారు లేక నెలల తరబడి అది ఖాళీగా ఉంటుంది. మూడోది మీ ఊరివాళ్లకే తెలుస్తుంది: దగ్గరలో మనిషి నిలబడి నడవగలిగినంత ఎత్తున్న బాక్స్ కల్వర్టు, అంటే రోడ్డు కింద వాన నీళ్లు పోవడానికి కట్టిన సిమెంట్ తూము, ఉందేమో చూడండి. వానలు లేని నెలల్లో పూడిక తీసి, రెండు దీపాలు పెట్టి, నేల చదును చేస్తే మేకలు, మనుషులు హాయిగా పోతారు. వాన పడినప్పుడు మాత్రం దాన్ని మూయాలి.

జవాబు 2 (రాత్రి సర్వీసు బస్సు డ్రైవర్)

నేను రోడ్డుకు ఇటువైపు మనిషిని. హైదరాబాద్ నుంచి విజయవాడకు రాత్రి సర్వీసు నడుపుతాను కాబట్టి, మీ ఊరి లాంటి ఊళ్లను అద్దంలోంచి చూసేవాడు ఏమనుకుంటాడో కూడా వినండి.

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అడ్డం కనిపించి, కాలు బ్రేకు మీద పడి, బండి ఆగడానికి దాదాపు 120 మీటర్లు కావాలని మాకు శిక్షణలో చెప్పారు. వంద వేగంలో ఆ లెక్క 180. ఎదురు లైట్లు కళ్లలో పడుతున్నప్పుడు దీపం లేని దిమ్మె నాకు నలభై మీటర్ల దూరంలో కనిపిస్తే ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు.

బోర్డులు పెట్టడం లేదని నేను అనను, పెడుతున్నారు. కానీ తవ్వకం చోట రోజంతా దుమ్ము లేస్తుంది. దుమ్ము అణచడానికి ట్యాంకరుతో రోడ్డు మీద నీళ్లు చల్లుతారు, ఆ దుమ్మే పట్టిన బోర్డును మాత్రం తుడిచేవారు ఉండరు. పదిహేను రోజులకు దాని మీది రేడియం మట్టి రంగుకు వస్తుంది, నా లైటు పడినా మెరవదు. తడిగుడ్డ పట్టుకుని వారానికోసారి తుడిచే ఒక మనిషి చాలు. ఇంకొకటి పాత తెల్లగీతలు. డైవర్షన్ పెట్టినప్పుడు పాత గీతలను చెరపకపోతే, వానలో, రాత్రి పూట, అవి నేరుగా మమ్మల్ని బారికేడ్ల మీదికే తీసుకెళ్తాయి. అలవాటైన డ్రైవర్ గీతను నమ్ముతాడు, బోర్డును కాదు.

అమ్మా, ఒక మాట మీ ఊరివాళ్లకు కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. ప్లాస్టిక్ బారికేడ్లను పక్కకు జరిపి బైకులు దాటించుకుని, తిరిగి పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లను నేను ఎన్నోసార్లు చూశాను. ఆ ఖాళీని చూసి వెనక వచ్చే కారువాడు అదే దారి అనుకుంటాడు. రాంగ్ రూట్‌లో వచ్చే ఎక్సెల్ బండి లైటు రాత్రి పూట సైకిల్ లైటంత ఉంటుంది. క్యాన్లకు రెండు పక్కలా రేడియం స్టిక్కర్లు అంటించమనండి. నిబంధన సంగతి పక్కన పెట్టినా, ప్రాణం ఉంటుంది.

సంక్రాంతి ముందు ఆ నాలుగు రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. పంతంగి టోల్‌గేటు దగ్గర మొదలైన వరుస పని జరిగే ప్రతి చోటా మళ్లీ కూడుతుంది. గుంటూరు వైపు వెళ్లేవారు నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా పోతే వాళ్లకూ మేలు, మాకూ మేలు. ఆ రోజుల్లో మాత్రం పిల్లలను, పశువులను హైవే వైపు రానివ్వకండి.

జవాబు 3 (అండర్‌పాస్ వచ్చిన ఊరి రైతు)

మా ఊళ్లో ఈ తంతు అంతా అయిపోయి రెండేళ్లు దాటింది కాబట్టి, చెల్లెమ్మా, మీరు ఇప్పుడు అడగకపోతే తరవాత అడగలేని రెండు సంగతులు చెబుతాను.

మొదటిది ఎత్తు. అండర్‌పాస్‌లు అన్నీ ఒకటి కావు. పెద్ద వాహనాలకు కట్టే దానికి 5.5 మీటర్ల ఎత్తు, చిన్న వాహనాలకు కట్టే దానికి 4 మీటర్ల ఎత్తు ఇస్తారు. మాకు వచ్చింది రెండో రకం. ప్రారంభించిన రోజు కార్లు పోయాయి, చప్పట్లు కొట్టాము. వరికోతలు వచ్చినప్పుడు కోత మిషన్ వచ్చి ముందు ఆగింది. డ్రైవర్ దిగి, పైకి చూసి, వెదురు కర్రతో కొలిచి, తల అడ్డంగా ఊపాడు. గడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరుదీ అదే పరిస్థితి. ఇప్పుడు మిషన్ నాలుగు కిలోమీటర్లు తిరిగి వస్తుంది, గంట లెక్కన ఆ కిరాయి మేమే కడుతున్నాము. మీ ఊరికి ఏ రకం మంజూరైందో డ్రాయింగ్‌లో చూడండి. పునాదులు పడ్డాక ఎవరూ మార్చరు.

రెండోది నీళ్లు. నేల కన్నా దిగువకు తవ్వి కడితే వానాకాలం అది చెరువు అవుతుంది. ఆ నీరు ఎటు పోతుంది, కాలువ ఏ వాగులో కలుస్తుంది అని అడగండి. 'మోటారు పెడతాము' అంటే ఒప్పుకోకండి, కరెంటు పోయేది వాన పడ్డప్పుడే.

ఇంకా బస్టాపు, 108 వచ్చే దారి లాంటివి చాలా ఉంటాయి. బస్టాపును అర కిలోమీటరు ముందుకు జరిపినప్పుడు అక్కడ నీడ లేదు, దీపం లేదు. పంచాయతీయే రెండు కర్రలు పాతి రేకు వేసింది. ఫోన్లో మ్యాపు చూసి వచ్చే కార్లు జామ్ తప్పించుకోవడానికి మా బజారులోకి వచ్చేవి. ఒక పూట రెండు వందల కార్లు హనుమంతుడి గుడి మూల దగ్గర ఎదురెదురు ఇరుక్కుంటే, దిగి దారి ఇప్పించింది బడి పిల్లలు. అప్పటి నుంచి ఊరి మొదట్లో 'ఇది హైవేకు దారి కాదు' అని బోర్డు రాయించాము.

మా తప్పూ ఒకటి ఉంది. కొత్త సర్వీస్ రోడ్డు నున్నగా ఉందని వడ్లు ఆరబోశాము, చుట్టూ రాళ్లు పేర్చాము. చీకట్లో ఆ రాయి ఎక్కి మా ఊరి కుర్రాడే పడ్డాడు.

మళ్లీ అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారు చెప్పినట్టు నిన్న సర్పంచ్‌తో కలిసి పని జరిగే చోటికి వెళ్లి సందు సంగతి చెబితే, అక్కడి సూపర్‌వైజరు సాయంత్రానికల్లా ఇంకో దిమ్మె జరిపించాడు. పిల్లలను దాటించడానికి జెండా మనుషులను ఇవ్వడం మాత్రం తన చేతిలో లేదన్నాడు. కల్వర్టు ఒకటి ఉంది, 300 మీటర్ల దూరంలో. లోపల మోకాలి ఎత్తు పూడిక, కంప చెట్లు. ఉపాధి హామీ కూలీలతో పూడిక తీయించవచ్చా అని సర్పంచ్ కనుక్కుంటానన్నారు. మాకు మంజూరైన అండర్‌పాస్ ఎత్తు ఎంతో ఊళ్లో ఒక్కరికీ తెలియదని కూడా నిన్ననే తెలిసింది! సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలనుకుంటున్నాము. అందులో ఏమేమి ఉండాలి, ఒక్క కలెక్టరేట్‌లో ఇస్తే సరిపోతుందా?

జవాబు 1 రాసినవారు

కల్వర్టు విషయంలో తొందరపడకండి. అది హైవే హద్దులో ఉంటుంది కాబట్టి జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్ కార్యాలయానికి రాసి, అనుమతి తీసుకున్నాకే చేయి పెట్టాలి.

అర్జీ కలెక్టరేట్‌లో ఇచ్చి, ఒక ప్రతిని ఆ ప్రాజెక్టు డైరెక్టర్‌కు, ఒక ప్రతిని మీ పోలీస్ స్టేషన్‌కు ఇవ్వండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ కలెక్టర్ అధ్యక్షతన సమావేశమవుతుంది. మీ విషయాన్ని వచ్చే సమావేశంలో పెట్టమని ఆ అర్జీలోనే కోరండి, అక్కడ పోలీసులు, రవాణా శాఖ, రోడ్ల అధికారులు ఒకే గదిలో ఉంటారు కాబట్టి జెండా మనుషులు ఎవరి బాధ్యత అన్నది అక్కడే తేలుతుంది. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గానీ అంగవైకల్యం గానీ కలిగితే బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, సలహాదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా విధించేలా 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేరింది. బెదిరింపుగా కాకుండా, గుర్తు చేస్తున్నట్టుగా ఒక వాక్యం రాయండి చాలు.

అర్జీలో విశేషణాలు తగ్గించి కొలతలు పెంచండి. యూటర్న్‌ల దూరాలు మీరు ఇక్కడ రాసినట్టే రాయండి. ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఎంతమంది పిల్లలు దాటుతున్నారో మూడు రోజులు వరుసగా లెక్కపెట్టి ఆ సంఖ్య వేయండి. డ్రైవర్ గారు చెప్పిన మసకబారిన బోర్డులను రాత్రి, బండి లైటు వేసి ఫొటో తీయండి. పగటి ఫొటోలో అన్నీ బాగానే కనిపిస్తాయి. ప్రతి ఫొటో కింద తేదీ, సమయం, దగ్గరలోని కిలోమీటరు రాయి మీది అంకె రాయండి. 'మా ఊరి క్రాస్‌రోడ్' అంటే ఆఫీసులో ఎవరికీ తెలియదు, ఆ అంకె చెబితే డ్రాయింగ్ తీస్తారు. రాత్రికి రాత్రే సరిచేయాల్సిన వాటికి, అంటే దొర్లిన దిమ్మె, ఆరిపోయిన బ్లింకర్ లాంటి వాటికి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ నంబర్ల జాబితానే మీ తరవాతి అర్జీకి జతపరచవచ్చు.

అండర్‌పాస్ ఎత్తు ప్రశ్నను మాత్రం ఇవన్నీ కలిపిన అర్జీలో కాకుండా వేరే కాగితం మీద, ఈ వారమే ఇవ్వండి. తవ్వకం మొదలై పునాదులు పడకముందే అడగాలి, అడగడానికి ఉన్న సమయం అదే.